బొట్టు పెట్టిన సీసా

మార్చి చివరి వారంలో గుంటూరు నుంచి కెమిస్ట్రీ లెక్చరర్ నస్రత్ మేడం మా ఊరు వచ్చారు. చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పంపడానికి ఏడాదిపాటు ఇద్దరు మనుషులు కావాలని, ఒకరివి శుభ్రమైన చేతులు, రెండోవారివి మురికి చేతులు అయి ఉండాలని పంచాయతీ ఆఫీసులో చెప్పారు. అక్కడున్న పదిహేను మందికీ ఆ మాట వెంటనే అర్థమైంది. అంత వెంటనే అర్థం కావలసిన మాట కాదది.

“శుభ్రమైన చేతులకి మా మాధురి ఉందిగా,” అన్నారు ప్రెసిడెంటు బాపయ్య గారు. ఆ మాధురిని నేనే. మావారికి ఆయన చిన్నాన్న వరస. “డిగ్రీ చదివింది. ఇల్లు అద్దంలా పెట్టుకుంటది. ఇక మురికి చేతులంటారా, పేటలోంచి ఎవరినో ఒకళ్ళని పిలిపిద్దాం. దానికేం భాగ్యం.”

ఆయన అందులో ఎవరినీ చిన్నబుచ్చాలనుకోలేదు. కుర్చీలు ఎక్కడ వెయ్యాలో చెప్పినట్టు చెప్పారు. పేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి అప్పటికే గుమ్మం పక్కన నిలబడి ఉంది. పేరు లిడియా. మేడం దగ్గరే బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. మేడం రమ్మంటేనే వచ్చింది.

“చేతుల సంగతి కాదండీ, అవి పనుల పేర్లు,” అన్నారు మేడం. “పాదరసం కొలిచే ప్రతిచోటా ఇవే పేర్లు. శుభ్రమైన చేతులు సీసాని, దాని సంచీని తప్ప దేన్నీ ముట్టుకోవు. మురికి చేతులు సీసాని తప్ప అన్నిటినీ ముట్టుకుంటాయి. పడవ, గెడ, ఐసు డబ్బా, పైసంచీ, అన్నీ.”

“మడి అన్నమాట,” అన్నారు బాపయ్య గారు.

మేడం కాస్త ఆలోచించి, “ఇంచుమించు,” అన్నారు.

మా చెరువు పక్కన ఫ్యాక్టరీ లేదు. నాలుగు వైపులా పత్తి, మిరప. సాగర్ కాలవ నీళ్ళు కొంత, వాన నీళ్ళు కొంత. ఊళ్ళో అందరం తాగేది ప్లాస్టిక్ క్యాను నీళ్ళే అయినా ‘ఇది మంచినీళ్ళ చెరువు, కాళ్ళు కడగరాదు’ అన్న బోర్డుకి ఏటా రంగు వేయిస్తాం. ఇందులో ఎవరూ ఏమీ కలపరు కాబట్టే ఈ చెరువుని ఎంచుకున్నామన్నారు మేడం. పట్నాల్లో బొగ్గు కాలుస్తారు, చెత్త కాలుస్తారు. చెత్తలో పాత ట్యూబులైట్లుంటాయి, బ్యాటరీలుంటాయి. వాటిలోని పాదరసం ఆవిరై గాలిలో కలిసి, నెలల తరబడి తిరిగి, ఎక్కడో వానతో కిందికి దిగుతుంది. చెరువులో దిగింది అడుగు బురదలో రూపం మార్చుకుంటుంది. అక్కణ్ణించి నాచులోకి, నాచు తినే చిన్న చేపలోకి, ఆ చేపని తినే కొరమేనులోకి వెళుతుంది. నీళ్ళలో ఉన్నదానికి కొరమేనులో చేరేది లక్షల రెట్లు ఉండొచ్చు.

“కొరమేను మేం తింటాం,” అన్నారు బాపయ్య గారు.

“అందుకే కొలుస్తున్నామండీ.”

“పొగ పట్నాలది, వాన దేవుడిది, చెరువు మాది. మరి కేసెవరి మీద పెట్టాలి?”

“కేసు సంగతి తర్వాత. ముందు ఎంతుందో తెలియాలి కదా.”

బాపయ్య గారికి ఇది రుచించలేదు. ఆయన అనుభవంలో కొలత అంటూ జరిగితే దాని చివర కేసు ఉంటుంది.

తర్వాత మేడం నన్ను నోరు తెరవమన్నారు. పంటికి పాదరసం కలిపిన వెండి సిమెంటు నింపించుకున్న మనిషి ఊపిరిలో ఆ ఆవిరి ఉంటుందట. అలాంటి మనిషి సీసా మూత తీసిన చోట గాలి కూడా వదలకూడదు. నేను ఇంటర్ చదివేటప్పుడు గుంటూరులో ఎడమ దవడ పన్ను ఒకటి నింపించుకున్నాను. లిడియా ముప్పై రెండు పళ్ళలో ఒక్కదానికీ ఏ లోపమూ లేదు. బంగారానికి పాదరసం అంటుకుంటుంది కాబట్టి ఒంటి మీద అదీ ఉండకూడదన్నారు. లిడియాకి తీయడానికి ఏమీ లేదు.

కాబట్టి శుభ్రమైన చేతులు లిడియావి, మురికి చేతులు నావి. బాపయ్య గారు నా నోటివంక కాసేపు చూశారు, ఊరి పరువు ఆ పంటి దగ్గరే జారిపోయినట్టు.

లిడియాకి ఇది కాలక్షేపం కాదు. మేడం ల్యాబ్‌లో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. ఏడాదిపాటు మా చెరువు సీసాలు పాడవకుండా పంపిస్తే అది లిడియాకే ఇస్తామన్నారు. వరసగా రెండు సీసాలు పాడైతే మాత్రం నియమం ప్రకారం ఆ చేతుల్ని మార్చి వేరేవాళ్ళని పెట్టాలి. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి అప్పటికి మూడేళ్ళు. ఫిబ్రవరిలో వాళ్ళమ్మ రెబ్కాతో కలిసి మా చేలో మిరపకాయలు కోసింది. కెమిస్ట్రీ చదివిన మనిషి కోసినా కోతలో తేడా ఏమీ ఉండదు. నేను చూశాను.

రెబ్కా నన్ను అమ్మగారూ అంటుంది. లిడియా ఏ వరసా పెట్టి పిలవదు, చివర ‘అండీ’తో సరిపెడుతుంది.

పద్నాలుగు రోజులకొక శనివారం మా వంతు. శుక్రవారం సాయంత్రం గుంటూరు బస్సులో ఖాళీ సీసా ఉన్న డబ్బా వస్తుంది. ఆ రాత్రికి మా ఇంట్లో ఉంటుంది. తెల్లవారాక ఆరింటికి చెరువు దగ్గరికి తీసుకెళతాను. చెరువు చేపల్ని వేలంపాటలో పాడుకున్న సైదా తన చిన్న పడవ ఇచ్చాడు, గెడ వెయ్యడం రెండ్రోజుల్లో నేర్పాడు. సీసా రెండు కవర్లలో ఉంటుంది, మేడం సంచీలన్నవి అవే. చెరువు మధ్యకి వెళ్ళాక నేను పై కవరు తెరిచి పట్టుకుంటాను. మోచేతుల దాకా తొడుగులు వేసుకున్న లిడియా లోపలి కవరు తెరిచి సీసా తీసుకుని, నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే మూత బిగించి, మళ్ళీ కవర్లో పెడుతుంది. అంతసేపూ నేను, నా పంటి కారణంగా, మొహం అటు తిప్పుకుని గెడ పట్టుకుని ఉండాలి. అలా పద్నాలుగు రోజులకొకసారి తూర్పు గట్టు మీది సెల్ టవర్ని రెండు నిమిషాలపాటు చూసేదాన్ని.

మొదట్లో గట్టు మీద జనం నిలబడేవాళ్ళు. ముందు లిడియా కూర్చోవడం, వెనక నేను గెడ వెయ్యడం వాళ్ళకి చూడదగ్గ విషయం. “ఏంది మాధురమ్మా, ఎవరు ఎవరిని మోస్తున్నారు?” అని ఒకాయన అరిచాడు. “పడవ మోస్తోంది బాబాయ్,” అన్నాను. మూడో శనివారానికి ఆయన కూడా రావడం మానేశాడు.

ఆరు సీసాలు చక్కగా వెళ్ళాయి. లీటరు నీళ్ళలో నాలుగు నానోగ్రాములు, ఆరు, అయిదు, అలా వచ్చేవి. ఎక్కడా ఏడు దాటలేదు. మేడం ఫోన్ చేసి, మీ చెరువు లెక్కే నీటుగా ఉందని చెప్పారు. నేను ఆ మాట లిడియాకి చెబితే, “సరేనండి,” అంది గానీ, గట్టు ఎక్కేటప్పుడు కాస్త వేగంగా ఎక్కింది.

జూన్ నెలలో మేడ మీద గదిలోకి డీఏపీ బస్తాలు, పురుగుమందు డబ్బాలు చేరాయి. అప్పటిదాకా ఐసు డబ్బా ఆ గదిలోనే ఉంచేదాన్ని. మందుల పక్కన సీసా ఉంచకూడదనిపించింది. వంటింట్లో పోపుల ఘాటు, హాల్లో అందరి చేతులూ. ఇల్లంతా చూసి, మా దేవుడి గదిలో పెట్టాను. రోజూ తుడిచే గది, పిల్లలు వెళ్ళరు, చెప్పులు వెళ్ళవు. ఆ నిర్ణయం నాదే. మిగతావాళ్ళ పొరపాట్లు చెప్పేముందు ఇది చెప్పడం న్యాయం.

గుంటూరులో మెషిన్ రిపేరు వచ్చి ఏడో సీసా, ఎనిమిదో సీసా ఫలితాలు ఒకేసారి జులై నెలాఖరులో వచ్చాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం మేడం ఫోన్ చేశారు. ఏడోదాంట్లో తొమ్మిదివందల నలభై. ఎనిమిదోదాంట్లో పదమూడువందల పది.

“చెరువులో ఎవరైనా పోశారా?” అన్నాను.

“అంత చెరువు అంత మారాలంటే లారీలతో పొయ్యాలండీ. ఇది సీసాలోకి చేతుల్లోంచి వచ్చింది. రెండుసార్లు వరసగా. నియమం మీకు తెలుసు కదా.”

తెలుసు. వచ్చే శనివారం నుంచి చేతులు మార్చాలి.

సాయంత్రానికి బాపయ్య గారు ఇంటికొచ్చారు. ఊళ్ళో ఫోన్ల కంటే ఆయనే ముందు నడుస్తారు.

“నేనప్పుడే అన్నానామ్మా? చదువొకటే అయితే సరిపోద్దా, అలవాటుండొద్దూ. పోనీలే, ఇంక మన తేజశ్రీని పెడదాం.” తేజశ్రీ ఆయన చిన్నకోడలు, బీటెక్ చదివి ఇంట్లో ఉంటోంది. “ఇయ్యాళే పంటి డాక్టరుకి చూపించుకొచ్చా. ఒక్క పిప్పి లేదన్నాడు. గాజులు, గొలుసు తీసి పెట్టమన్నా.”

“ఇంకా నాలుగు రోజులుందిగా మామయ్య గారూ.”

“నాలుగు రోజుల్లో చేతులేమన్నా మారతాయా?” అన్నారు నవ్వుతూ. కాఫీ తాగి వెళ్ళారు.

బుధవారం పొద్దున లిడియా వచ్చి మిగిలిన తొడుగుల పెట్టె, సంతకాల రిజిస్టరు వరండాలో పెట్టింది. రిజిస్టరుకి పేపరు అట్ట వేసి ఉంది.

“ఏం జరిగిందంటావు?” అన్నాను.

“తెలీదండి.”

తెలీదన్నవాళ్ళు సాధారణంగా మనవంక చూస్తారు. ఆ అమ్మాయి రిజిస్టరు వంక చూసింది.

పెద్ద జాడీ ఆవకాయ ఒక ఏడు బూజుపట్టింది. ఎందుకు పట్టిందో తెలుసుకోవడానికి నేను ఉప్పు ఎండబెట్టిన రోజు దాకా వెనక్కి వెళ్ళాను. చివరికి గరిటె తడి అని తేలింది. ఇప్పుడూ అలాగే మొదలుపెట్టాను. బస్సులో డబ్బా తెచ్చే కండక్టరుని అడిగాను. పడవ కడిగాడా అని సైదాని అడిగాను. ఏమీ తేలలేదు. గురువారం, శనివారానికని ముందే వచ్చి దేవుడి గదిలో ఉన్న డబ్బాని వెలుగులోకి తెచ్చి చూశాను. ప్రతిసారీ వచ్చిపోయేది అదే డబ్బా. మూత లోపలి అంచు మీద నారింజ రంగులో ఒక వేలిముద్ర ఉంది.

మా అత్తగారు వెంకటరావమ్మ గారు దేవుడి గది గుమ్మంలో కూర్చుని వత్తులు చేస్తున్నారు.

“అత్తయ్యా, ఈ డబ్బా మీరు తెరిచారా?”

“తెరవకుండా బొట్టెట్టా పెట్టను?”

“డబ్బాకా?”

“డబ్బాకెందుకు, సీసాకి. మూత మీద. ఫ్రిజ్జుకి పెట్టలా? ఇన్వర్టరుకి పెట్టలా? మావాడు మందు కొట్టే తైవాన్ పంపుకి పెట్టలా? దేవుడి గదిలో తెచ్చి పెట్టావు గదా, బోడిగా ఎట్టా పంపేది? ఆంజనేయస్వామి తిరణాళ్ళలో కొన్న సింధూరం. ఉత్త కుంకం కూడా కాదు.”

“రెండు కవర్లూ విప్పారా?”

“విప్పి మళ్ళీ నొక్కి మూశాగా. నీ పప్పు కవర్లన్నీ రోజూ మూసేదెవరనుకున్నావ్?”

“రెండుసార్లు పెట్టారా?”

“రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు పెట్టా. ఈసారిది ఇంకా విప్పలా. శుక్రారం పెడదామనుకున్నా.”

అసలు సింధూరం అంటే పాదరసం, గంధకం కలిసిన ఎర్ర రాయి పొడి. పాతవాళ్ళు ఇంగిలీకం అనేవాళ్ళు. ఇప్పుడు కొట్లో ఆ పేరుతో ఏమేం అమ్ముతారో వాళ్ళకే తెలియాలి. కానీ ఈ పొట్లంలో అసలుదే కాస్తో కూస్తో ఉన్నట్టుంది. మా అత్తగారు మంచి సరుకే కొంటారు.

ఆ మేరకు నాకు సంతోషంగానే ఉంది. కారణం దొరికింది. డబ్బా మూత మూస్తుంటే రెండో విషయం తట్టింది. నారింజ రంగు బొట్టు సీసా మూత మీద అంత స్పష్టంగా ఉంటే, కవరు విప్పిన మనిషికి కనపడకుండా ఎలా ఉంటుంది? నేను మొహం తిప్పుకుంటాను. లిడియా తిప్పుకోదు.

నేను పేటకి నడిచి వెళ్ళాను. చర్చి వెనక రెండో ఇల్లు వాళ్ళది. రెబ్కా పత్తిలో కలుపు తీసి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి కుర్చీ కోసం లోపలికి పరిగెత్తింది. లిడియా మాత్రం గడప దగ్గరే నిలబడింది, నేను ఎందుకొచ్చానో తెలిసినట్టు.

“మూత మీద బొట్టుందా?” అన్నాను.

“ఉందండి.”

“రెండుసార్లూనా?”

“రెండుసార్లూ.”

“ఏం చేశావు?”

“తుడిచానండి. తొడుగుతోనే. పోకపోతే నీళ్ళలో తడిపి తుడిచాను.”

“అలాంటి సీసా వాడకుండా వెనక్కి పంపాలని నీకు తెలుసు.”

“తెలుసండి.”

“మరి నాతో అనొచ్చుగా.”

“ఏమనమంటారండి?” గొంతు పెంచకుండానే అంది. “అది మీ దేవుడి గదిలోంచి వచ్చిన సీసా. మీరే పెట్టారనుకున్నా. గట్టు మీద అంతమంది పోతా వస్తా ఉంటే, ఈ బొట్టు నాకు పనికిరాదండీ అని పడవలో నిలబడి చెప్పాలా? ఒక్క ఇంత చుక్కే కదా, తుడిస్తే పోతుందిలే అనుకున్నా. కెమిస్ట్రీ చదివి మరీ అనుకున్నా.”

రెబ్కా కుర్చీ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

“అమ్మగారూ, ఇది బయటికి రానీకండి. ఉద్యోగం పోతే పోద్ది. ఆంజనేయస్వామి బొట్టు పేట ఏసోబు మనవరాలు తుడిచిందని ఊళ్ళో ఎవరన్నా అన్నారంటే, మేమిక్కడ ఉండగలమా?”

ఎందుకుండలేరు అని నోటిదాకా వచ్చింది. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మనిషిని కాబట్టి అనలేదు. కుర్చీలో కాసేపు కూర్చుని ఇంటికొచ్చాను.

మేడంకి ఫోన్ చేసి సింధూరం సంగతి చెప్పాను. అవతల ఏదో చప్పుడైంది. నవ్వుతున్నారేమో అనుకున్నాను గానీ, కాగితం తీసుకుంటున్నారు.

“అంతా రాతపూర్వకంగా కావాలి మాధురి గారూ. డబ్బా ఎక్కడ పెట్టారు, బొట్టు ఎవరు పెట్టారు, సంతకాలతో సహా. లిడియా చేతికి రాకముందే సీసా పాడైతే ఆమె తప్పు లేదు, ఆమెని మార్చక్కర్లేదు. చూసి కూడా వాడితే మాత్రం తప్పు ఆమెదే. మరి బొట్టు ఆమెకి కనపడలేదా?”

“రాసి పంపిస్తానండీ,” అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కింటివాళ్ళ శుభలేఖలో తిథి తప్పు పడితే కట్టలన్నీ ప్రెస్సుకి తిప్పి పంపించిన మనిషిని నేను. ఆ చేత్తోనే రాశాను. ఒకటి, డబ్బాని దేవుడి గదిలో ఉంచాలని నిర్ణయించింది నేను. రెండు, అక్కడ సీసా మూతకి సింధూరం పూసింది మా అత్తగారు. మూడు, అలా రెండుసార్లు జరిగింది. ఈ మూడూ సులువుగా వచ్చాయి. నాలుగోది రాయడానికి ముందు లేచి, గ్యాస్ కట్టేశానో లేదో చూసొచ్చాను. కట్టేసే ఉంది.

నాలుగు, పై కవరు తెరిచినప్పుడు లోపలి కవర్లోంచి బొట్టు కనపడితే, చూడ్డానికి బాగుండదని నేనే నా చేత్తో తుడిచి, కవరు మూసి లిడియాకి ఇచ్చాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

ఎవరు తుడిచారన్నదాన్నిబట్టి ఆ రెండు అంకెలూ మారవు. రెండూ ఎలాగూ కొట్టివేతలోకే వెళతాయి. చెరువుకి సంబంధించినంతవరకు ఆ వాక్యంలో తప్పులేదు. నాకు సంబంధించినంతవరకు ఉంది. ఉన్నా, కొట్టేసి మళ్ళీ రాయలేదు.

మావారు శ్రీకృష్ణ గారు నిద్రలేచి వచ్చి కాగితం చదివారు.

“అమ్మ పేరు రిపోర్టులోకి ఎక్కాల్సిందేనా?”

“పెట్టింది ఆవిడేగా.”

“తుడిచింది నువ్వా?”

“రాశానుగా.”

“రాసింది చదివాలే. నేనడుగుతోంది అది కాదు.”

“కాఫీ చల్లారిపోతోందండీ,” అన్నాను. ఆయన కప్పు తీసుకుని వరండాలోకి వెళ్ళారు. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం నేర్చుకున్న పద్ధతుల్లో అదొకటి.

అత్తగారు సంతకం పెట్టేముందు వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివారు. ఐదో తరగతి చదువు, కళ్ళజోడు మామగారిది. రెండో వాక్యం దగ్గర ఆగారు.

“పూసింది అని రాశావేంది? గోడకి సున్నమా పూయడానికి? పెట్టింది అని రాయి.”

దిద్దాను. నాలుగో వాక్యం దగ్గర ఆవిడ వేలు చాలాసేపు ఆగింది.

“బొట్టు తుడిచావా?”

“తుడిచానత్తయ్యా.”

“నేను పెట్టిన బొట్టు?”

“అవును.”

“ఒకసారి కాదు, రెండుసార్లు.”

ఆవిడ ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు. అబద్ధం మీద సంతకం పెట్టే మనిషి కారు. ఆవిడకి తెలిసినంతలో అది నిజమే. తర్వాత కాగితం నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. రాత్రి భోజనాల దగ్గర, “పులుసులో ఉప్పు చాల్లేదని చెప్పరా ఆమెకి,” అన్నారు మావారితో. నేను ఎదురుగానే వడ్డిస్తున్నాను.

శనివారం మేడం కొత్త డబ్బా తీసుకుని స్వయంగా వచ్చారు. పంచాయతీ ఆఫీసులో నా కాగితం పైకి చదివారు. చదవడం పూర్తయ్యేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. లిడియా మాత్రం నేలవంక చూస్తోంది. ఆమె పెదవులు కదలబోయాయి. వెనక నిలబడ్డ రెబ్కా ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో నాకు కనపడుతూనే ఉంది.

“ఇంత చదువుకుని ఇదేం పనమ్మా,” అన్నారు బాపయ్య గారు నాతో. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. మేడం వైపు తిరిగి, “అయితే చేతులు మార్చక్కర్లేదా?” అన్నారు.

“మార్చాలండీ. మురికి చేతులు.”

తేజశ్రీ కొత్త చుడీదార్ వేసుకుని, బోసి చేతులతో, బోసి మెడతో మూడో కుర్చీలో కూర్చుని ఉంది. “అదేంటి మామయ్య గారూ, నన్ను మురికి చేతులకా?” అంది.

“పేరంతేనమ్మా,” అన్నారు బాపయ్య గారు కాస్త ఇబ్బందిగా. “మనిషి చేతులు కాదు. అది పని పేరు.”

మేడం లిడియాని దగ్గరికి పిలిచి, “ఇకమీదట సీసా మీద ఏం కనపడినా, అది ఎవరి ఇంట్లోంచి వచ్చినా, వెనక్కి పంపించెయ్. నోరు తెరిచి చెప్పి పంపించు,” అన్నారు. లిడియా తల ఊపింది. మేడం వెళుతూ వెళుతూ కారు దగ్గర నన్ను ఆపారు.

“ఏ చేత్తో తుడిచారు?”

“కుడి చేత్తో.”

“గెడ ఏ చేత్తో పట్టుకుంటారు?”

నేను ఒక్క క్షణం ఆగి, “కుడి చేత్తోనే,” అన్నాను.

మేడం కాగితాన్ని నాలుగు మడతలు వేసి ఫైల్లో పెట్టుకున్నారు. “సరే, ఆ రెండు సీసాల సంగతి ఇక్కడితో అయిపోయింది,” అని కారెక్కారు.

ఆ రోజు నేను గట్టు మీది నుంచే చూశాను. తేజశ్రీ గెడ వేస్తుంటే పడవ రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. సైదా గట్టు వెంట నడుస్తూ కేకలేసి చెప్పాడు. మధ్యలో లిడియా, మోచేతులు పైకెత్తుకుని, దేనికీ తగలకుండా కూర్చుంది. ఆ తొమ్మిదో సీసాలో అయిదు నానోగ్రాములు వచ్చింది. తర్వాతవి కూడా అటూ ఇటుగా అంతే. వానలు ఎక్కువ పడ్డ రెండు వారాల్లో తొమ్మిది దాకా వెళ్ళింది. అది ఎవరి చేతుల్లోంచీ వచ్చింది కాదని మేడం రూఢి చేశారు. పైనుంచి వచ్చిందే.

అయిదైనా తొమ్మిదైనా నీళ్ళలో భయపడేంత కాదట. జనవరిలో కొరమేన్లు కోసి చూస్తే వాటిలో మాత్రం ఉంది. కిలో దాటిన కొరమేను గర్భిణీలు, చిన్నపిల్లలు తినవద్దని పంచాయతీ ఆఫీసు గోడకి కాగితం అంటించారు. సైదా నాచేత చదివించుకుని, “అయితే కిలో లోపువే పట్టాలా? అవి పెద్దవయ్యేదాకా ఆగకుండా పట్టమంటే నాకు నష్టం గదండీ,” అన్నాడు. బాపయ్య గారు ఎట్టకేలకు కేసు రాశారు. కలెక్టరు గారికి నాలుగు పేజీల అర్జీ. తప్పులు చూడమని నాకు పంపించారు. ‘ఎవరి మీద ఫిర్యాదు’ అన్నచోట ఖాళీ వదిలేశారు. పట్నాల పేర్లు ఏవేవి రాయాలో మేడంని అడిగి చెప్పమన్నారు. మేడం, ఆ ఖాళీలో అన్నీ రాయాల్సి వస్తుందన్నారు. మన గుంటూరుతో సహా.

అత్తగారు సంక్రాంతి దాటాక నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. కానీ బొట్టు పెట్టుకునే వేళ నేను గదిలోకి వెళితే, సింధూరం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టేవారు.

ఏప్రిల్‌లో లిడియాకి గుంటూరు ల్యాబ్ నుంచి ఆర్డరు వచ్చింది. వెళ్ళే రోజు మధ్యాహ్నం చెప్పిపోవడానికి వచ్చింది. చేతిలో సున్నుండల పొట్లం, భుజాన కొత్త బ్యాగు. వరండాలో అత్తగారే ఉన్నారు. నేను లోపల్నించి వచ్చేసరికి ఆవిడ ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు.

“నీ ఉద్యోగం మా ఇంటి మూలాన పోవాల్సిందే అమ్మాయ్. తెలుసా నీకు? నేను మంచికని బొట్టు పెడితే మా కోడలు తుడిచి నీ చేతికిచ్చింది. డిగ్రీ చదివింది, ఏం లాభం. నువ్వు మనసులో పెట్టుకోమాక.”

లిడియా నావంక చూసింది. ఏడాదిలో మొదటిసారి నేరుగా చూసింది.

“అది ఆమె కాదండీ,” అంది అత్తగారితో. “అసలు...”

“నువ్వేం వెనకేసుకు రామాక,” అన్నారు అత్తగారు. “నా కళ్ళముందు కాగితం మీద రాసింది. నేను సంతకం పెట్టా.”

లిడియా ఇంకా నోరు తెరిచే ఉంది. చెప్పేస్తే ఈ వరండాలో ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా చెప్పబోతోంది. మేడం మాట ఆ పిల్ల గట్టిగానే పట్టుకున్నట్టుంది.

“నీ బస్సు అయిదింటికి కదూ?” అన్నాను.

కొంచెం ఆగి, “అయిదుంపావుకండి,” అంది.

“నాలుగున్నరకే స్టాండులో ఉండాలి. సీటు దొరకదు.”

లిడియా లేచింది. పొట్లం అత్తగారి చేతికిచ్చి, బ్యాగు సర్దుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, “వెళ్ళొస్తానక్కా,” అంది.

“ఎవరిని అంటోంది?” అన్నారు అత్తగారు.